రెండవ మందు ఏమి చేసింది? న్యూరోఎండోక్రైన్ కణితుల సంయుక్త ఔషధ పరీక్షలు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
అరుదుగా వచ్చే న్యూరోఎండోక్రైన్ కణితులకు రెండు మందులను కలిపి ఇచ్చే చికిత్స 1970ల నుండి ఆచరణలో ఉన్నది. ఆ రెండవ మందు వల్ల రోగికి ఒనగూడిన అదనపు మేలు ఎంత అనే ప్రశ్నకు 1980లో వచ్చిన సమాధానాన్ని, 2018–2023 మధ్య వచ్చిన సమాధానాన్ని పక్కపక్కన ఉంచి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. రోగుల సంఖ్య, కణితిని కొలిచే పద్ధతి, వ్యాధికి పెట్టిన పేరు ఈ చరిత్రను ఏ విధంగా నడిపించాయో వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: న్యూరోఎండోక్రైన్ కణితి, కార్సినాయిడ్, సంయుక్త ఔషధ చికిత్స, స్ట్రెప్టోజోసిన్, టెమోజోలొమైడ్, మోర్టెల్, యల్లాప్రగడ సుబ్బారావు.

1. ప్రవేశిక:

ఔషధద్రవ్యాలను తగిన పాళ్లలో కూర్చి ఇవ్వడాన్ని ఆయుర్వేదంలో ‘యోగం’ అంటారు. శొంఠి, పిప్పలి, మిరియాలు కలిస్తే త్రికటువు. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ కలిస్తే త్రిఫల. విడివిడి ద్రవ్యాలకు లేని బలం కలయికకు వస్తుందన్న నమ్మకం తెలుగువారి ఇళ్లలో నేటికీ సజీవంగా ఉన్నది. ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో క్యాన్సర్ వైద్యం కూడా యోగాల బాటనే పట్టింది. అయితే అక్కడ ఒక షరతు వచ్చి చేరింది. కలిపి ఇచ్చినప్పుడు రోగి కోలుకున్నాడని చెప్పడం చాలదు. మొదటి మందు ఒక్కటే ఇచ్చినా అంతే కోలుకొనేవాడేమో తేల్చాలి. రెండవ మందు కూడా విషమే కనుక, దాని వల్ల అదనపు మేలు లేకపోతే రోగికి మిగిలేది అదనపు బాధ మాత్రమే.

ఈ షరతును ముందుగా స్పష్టంగా పాటించినది క్షయవైద్యం. స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చిన రోగులలో కొద్ది నెలలకే క్షయక్రిమి ఆ మందుకు లొంగడం మానివేసింది. బ్రిటన్ వైద్య పరిశోధన మండలి రోగులను మూడు వర్గాలుగా విభజించి ఒకరికి స్ట్రెప్టోమైసిన్, మరొకరికి పాస్, మూడవ వర్గానికి రెండూ ఇచ్చి 1950లో ఫలితాలు ప్రకటించింది. రెండూ కలిసినప్పుడు ప్రతిఘటన బాగా తగ్గిందని తేలింది. ప్రశ్న సూటిగా ఉన్నది, సమాధానమూ సూటిగానే వచ్చింది. క్షయరోగులకు ఏనాడూ కొరత లేకపోవడం ఆ సౌలభ్యానికి ఒక కారణం. రోగులే దొరకని వ్యాధి విషయంలో ఇదే ప్రశ్న వేస్తే ఏమవుతుందో న్యూరోఎండోక్రైన్ కణితుల చరిత్ర చూపిస్తుంది.

2. ‘క్యాన్సర్ లాంటిది’ – పేరు పెట్టిన చిక్కు:

జర్మన్ వ్యాధినిర్ధారణ శాస్త్రజ్ఞుడు సీగ్‌ఫ్రీడ్ ఓబెర్న్‌డోర్ఫర్ 1907లో చిన్నప్రేగులో కనిపించే కొన్ని చిట్టి కణితులను వర్ణించి వాటికి ‘కార్ట్సినోయిడ్’ అని పేరు పెట్టాడు. ఇంగ్లీషులో అది కార్సినాయిడ్ అయింది. ‘ఆయిడ్’ అనే ప్రత్యయానికి ‘పోలినది’ అని అర్థం. అంటే చూపులకు క్యాన్సర్‌ను పోలి ఉండి, ప్రవర్తనలో క్యాన్సర్ కానిది అని ఆయన ఉద్దేశం. ఇవి నెమ్మదిగా పెరుగుతాయి, హాని చేయవు అని ఆయన భావించాడు. 1929 నాటికి ఆయనే తన అభిప్రాయాన్ని సవరించి, ఇవి ప్రమాదకరంగా మారి వ్యాపించగలవని రాశాడు. పేరు మాత్రం మారలేదు. యూదుడైన కారణంగా 1933లో జర్మనీ విడిచి వెళ్లవలసి వచ్చిన ఓబెర్న్‌డోర్ఫర్ 1944లో ఇస్తాంబుల్‌లో మరణించాడు. ఆయన పెట్టిన పేరులోని ‘లాంటిది’ అనే భాగం మరికొన్ని దశాబ్దాల పాటు వైద్యులను ఏమరుపాటులో ఉంచింది. శబ్దం అర్థాన్ని మోస్తుందని సాహిత్య విద్యార్థులకు తెలుసు. ఒక్కోసారి పాత అర్థాన్ని దించకుండా మోస్తూనే ఉంటుంది.

ఈ కణితులు హార్మోన్లను స్రవించే కణాల నుండి పుడతాయి. ప్రేగులు, ఊపిరితిత్తులు, క్లోమంలోని లాంగర్‌హాన్స్ పుటికలు వీటి ప్రధాన స్థానాలు. క్లోమంలో పుట్టిన కణితి ఇన్సులిన్‌ను విడుదల చేస్తే రోగి రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పుతాడు. ప్రేగులో పుట్టినది సెరటోనిన్ వంటి పదార్థాలను విడుదల చేస్తే ముఖం ఎర్రబడి, విరేచనాలు పట్టుకుంటాయి. కణితి ఎంత పెరిగిందన్నది ఒక బాధ, అది ఏమి స్రవిస్తున్నదన్నది మరొక బాధ. ఈ ద్వంద్వస్వభావమే తరువాతి కాలంలో ‘చికిత్స ఫలించింది’ అనే మాటకు రెండు అర్థాలు రావడానికి దారితీసింది.

భారతీయ పాఠకులలో చాలామందికి ఈ వ్యాధి పేరు తెలిసినది 2018 మార్చిలో. నటుడు ఇర్ఫాన్ ఖాన్ తనకు న్యూరోఎండోక్రైన్ కణితి ఉన్నట్లు అప్పుడు ప్రకటించారు. ‘సైనికుడు’ (2006) చిత్రం ద్వారా తెలుగు ప్రేక్షకులకూ ఆయన పరిచితులే. ‘న్యూరో’ అనగానే అందరూ మెదడు అనుకుంటారు కనుక అది ఎప్పుడూ మెదడుకు సంబంధించినదే కానక్కరలేదని ఆ ప్రకటనలోనే ఆయన వివరించవలసి వచ్చింది. ఆయన 2020 ఏప్రిల్ 29న మరణించారు. నూట పదేళ్ల తరువాత కూడా ఈ వ్యాధిని పేరు ఇంకా తప్పుదోవ పట్టిస్తూనే ఉన్నదన్నమాట.

అరుదు అన్న మాటకు కొలత చెప్పుకోవాలి. అమెరికా క్యాన్సర్ నమోదుల ప్రకారం 1973లో లక్ష జనాభాకు 1.09 కొత్త కేసులు ఉండగా 2012 నాటికి అవి 6.98కి పెరిగాయి. పరీక్షా సాధనాలు మెరుగుపడడం ఈ పెరుగుదలకు ముఖ్యమైన కారణమని పరిశోధకులు భావిస్తున్నారు. పెరిగిన సంఖ్య కూడా చిన్నదే. పైగా దీనిని ప్రేగు, క్లోమం, ఊపిరితిత్తి అని విభజించి, మళ్లీ నెమ్మదిగా పెరిగేవి, వేగంగా పెరిగేవి అని విభజిస్తే ఒక్కో వర్గంలో మిగిలేది పిడికెడుమంది.

3. భీమవరం నుండి బెథెస్డా దాకా:

క్యాన్సర్‌కు మందులు కలిపి ఇచ్చే ఆలోచన వెనుక ఒక తెలుగు శాస్త్రవేత్త కృషి ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల ఫోలిక్ ఆమ్లాన్ని, దానికి ప్రత్యర్థులైన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ మందులను తయారు చేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి, 10 మందిలో మెరుగుదల కనిపించిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ మెరుగుదల తాత్కాలికం. కొద్ది నెలలకు వ్యాధి తిరగబెట్టింది. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు.

ఒక్క మందు కొంతకాలమే పనిచేస్తుందన్న ఈ అనుభవం నుండే సంయుక్త చికిత్స పుట్టింది. 1960ల తొలినాళ్లలో బెథెస్డాలోని జాతీయ క్యాన్సర్ సంస్థలో ఫ్రై, ఫ్రైరైక్ అనే వైద్యులు నాలుగు మందులను కలిపి ‘వాంప్’ అనే యోగాన్ని రూపొందించారు. ఆ పేరులోని రెండవ అక్షరం అమెథాప్టెరిన్, అనగా సుబ్బారావు ప్రయోగశాల నుండి వచ్చిన మెథోట్రెక్సేటే. పిల్లల రక్తక్యాన్సర్‌లో సంయుక్త చికిత్స ఘనవిజయం సాధించడంతో తక్కిన క్యాన్సర్లకూ ఇదే సూత్రం వర్తిస్తుందన్న ఉత్సాహం వ్యాపించింది. వేగంగా విభజన చెందే రక్తకణాల విషయంలో నిజమైనది ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండే కణితి విషయంలో నిజం కావలసిన పని లేదు. ఆ ఉత్సాహంలో ఈ భేదం కొంత మరుగున పడింది.

4. కాన్సాస్ మట్టి:

సుబ్బారావు పర్యవేక్షణలోనే లెడర్లీలో బెంజమిన్ డగ్గర్ మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలం మట్టి నుండి ఆరియోమైసిన్‌ను సాధించాడు. స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవుల కోసం కంపెనీలన్నీ పిడికెళ్లకొద్దీ మట్టి సేకరించి వెతికిన కాలమది. పక్క రాష్ట్రమైన కాన్సాస్‌లో బ్లూ రాపిడ్స్ అనే ఊరి మట్టి నుండి అప్‌జాన్ కంపెనీ శాస్త్రజ్ఞులు 1950ల చివర స్ట్రెప్టోజోటోసిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. తరువాత దీనికి స్ట్రెప్టోజోసిన్ అన్న పేరు స్థిరపడింది. వారు వెతికినది యాంటీబయాటిక్ కోసం. 1963లో రకీటెన్, నాడకర్ణి ప్రభృతులు ఈ పదార్థం ఇచ్చిన కుక్కలకు, ఎలుకలకు మధుమేహం వస్తున్నదని ప్రకటించారు.

కారణం దాని నిర్మాణంలోనే ఉన్నది. ఈ అణువులో ఒక భాగం గ్లూకోజును పోలిన చక్కెర, మరొక భాగం నైట్రోసోయూరియా అనే విషం. చక్కెరను లోపలికి రానిచ్చే ద్వారం గుండా ఇది క్లోమంలోని బీటాకణంలోకి ప్రవేశించి దాని డి.ఎన్.ఏ.ను దెబ్బతీస్తుంది. ఆరోగ్యవంతుడికి మధుమేహం తెచ్చే మందు, ఇన్సులిన్‌ను మితిమీరి స్రవించే కణితికి విరుగుడు కావచ్చునన్న ఊహ సహజంగానే కలిగింది. 1968లో లండన్‌లో మరే లయన్ బృందం పలు హార్మోన్లను స్రవిస్తున్న పుటికల కణితికి ఈ మందు వాడి ఫలితం చూపించింది. 1973లో బ్రోడర్, కార్టర్ 52 మంది రోగుల అనుభవాన్ని క్రోడీకరించారు. మందు పనిచేస్తున్నది, కానీ మూత్రపిండాలను దెబ్బతీస్తున్నది. తీవ్రమైన వాంతులు సరేసరి.

ఇక్కడికి మొదటి మందు సిద్ధమయింది. రెండవ మందుగా ఎంపికైనది ఫ్లోరోయురాసిల్. 1957లో చార్లెస్ హైడెల్‌బర్గర్ విస్కాన్సిన్‌లో తీసుకువచ్చిన ఈ మందు జీర్ణకోశ క్యాన్సర్లకు అప్పటికే విరివిగా వాడుకలో ఉన్నది.

5. మోర్టెల్ కొలబద్ద:

చార్లెస్ మోర్టెల్ మిన్నెసోటా రాష్ట్రంలోని మేయో క్లినిక్ వైద్యుడు. నమ్మకం మీద నడిచే వైద్యాన్ని పరీక్షకు నిలబెట్టడంలో ఆయన కఠినుడని పేరు పొందాడు. ఆప్రికాట్ గింజల నుండి తీసిన ‘లేట్రిల్’ క్యాన్సర్‌ను మాన్పుతుందని అమెరికా అంతటా ప్రచారం సాగినప్పుడు 178 మంది రోగులపై పరీక్షించి, అది పనిచేయదని 1982లో తేల్చినది ఆయనే. విటమిన్ సి గురించి నోబెల్ గ్రహీత లైనస్ పాలింగ్ చేసిన వాదాన్ని పరీక్షించి, ప్రయోజనం లేదని 1985లో ప్రకటించిన బృందానికీ ఆయనే నాయకుడు.

1980లో ఆయన నాయకత్వంలో ఈస్టర్న్ కోఆపరేటివ్ బృందం పుటికల కణితి ముదిరిన 84 మందిపై చేసిన పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. రోగులను యాదృచ్ఛికంగా, అంటే చీటీలు వేసినట్లుగా, రెండు వర్గాలకు కేటాయించారు. ఒక వర్గానికి స్ట్రెప్టోజోసిన్ మాత్రమే, మరొక వర్గానికి దానితో పాటు ఫ్లోరోయురాసిల్. ఒంటి మందుకు 36 శాతం మంది ప్రతిస్పందించగా జంట మందులకు 63 శాతం మంది ప్రతిస్పందించారు. పూర్తి ప్రతిస్పందన 12 శాతం నుండి 33 శాతానికి పెరిగింది. మధ్యస్థ జీవితకాలం 16.5 నెలలకు ప్రతిగా 26 నెలలు. అయితే జీవితకాలంలోని ఈ తేడా సంఖ్యాశాస్త్రం దృష్టిలో నిలబడలేదు. 84 మందితో అంతకన్నా గట్టిగా చెప్పడం సాధ్యం కాదు.

ఈ పరీక్ష విశిష్టత దాని రూపంలో ఉన్నది. మొదటి మందు రెండు వర్గాలకూ సమానం. తేడా రెండవ మందు మాత్రమే. అందువల్ల ఫలితంలోని భేదం ఏదైనా రెండవ మందుకే చెందుతుంది. ఇంత అరుదైన వ్యాధిలో, అంత తొలినాళ్లలో, ఇంత శుభ్రమైన ప్రశ్న వేయడం గొప్ప విషయం. తరువాతి ముప్పై ఎనిమిదేళ్లలో క్లోమ కణితులకు వాడిన విష ఔషధాల విషయంలో ఈ శుభ్రత మళ్లీ కనిపించలేదు.

1992లో మోర్టెల్ బృందం 105 మందిపై మరొక పరీక్ష ప్రకటించింది. ఈసారి మూడు వర్గాలు. స్ట్రెప్టోజోసిన్‌తో ఫ్లోరోయురాసిల్, స్ట్రెప్టోజోసిన్‌తో డాక్సోరూబిసిన్, క్లోరోజోటోసిన్ ఒక్కటే. డాక్సోరూబిసిన్ కలిసిన వర్గంలో 69 శాతం, ఫ్లోరోయురాసిల్ కలిసిన వర్గంలో 45 శాతం, క్లోరోజోటోసిన్‌కు 30 శాతం ప్రతిస్పందన వచ్చింది. వ్యాధి మళ్లీ ముదరడానికి పట్టిన కాలం మొదటిదానిలో 20 నెలలు, రెండవదానిలో 6.9 నెలలు. మధ్యస్థ జీవితకాలం 2.2 సంవత్సరాలు, 1.4 సంవత్సరాలు. ఇక్కడ జీవితకాలపు తేడా కూడా నిలబడింది. డాక్సోరూబిసిన్ గుండెకు హాని చేసే మందైనా, ఈ అంకెల బలంతో ఆ యోగం ప్రామాణికమయింది.

ఈ పరీక్షలో స్ట్రెప్టోజోసిన్ ఒక్కటే తీసుకున్న వర్గం లేదన్నది గమనించాలి. 1980లోనే ఒంటి మందు ఓడిపోయింది కనుక దానిని మళ్లీ ఇవ్వడం న్యాయం కాదని భావించడంలో తప్పు పట్టనవసరం లేదు. కానీ ఆ నిర్ణయంతో ‘రెండవ మందు ఏమి చేసింది’ అన్న ప్రశ్న ‘ఏ రెండవ మందు మేలు’ అన్న ప్రశ్నగా మారిపోయింది.

6. తాకి చూసిన కాలేయం, యంత్రం చూసిన కాలేయం:

1999లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ వైద్యులు చెంగ్, సాల్ట్జ్ అదే స్ట్రెప్టోజోసిన్–డాక్సోరూబిసిన్ యోగాన్ని పొందిన 16 మంది రోగుల సమాచారాన్ని పరిశీలించారు. ప్రతిస్పందించినవారు ఒక్కరు. 69 శాతం ఎక్కడ, 6 శాతం ఎక్కడ?

మందు మారలేదు. వ్యాధి మారలేదు. మారినది కొలత. మోర్టెల్ పరీక్షలలో ప్రతిస్పందన అంటే కణితి కుదించుకుపోవడం ఒక్కటే కాదు. రక్తంలో హార్మోను సగానికి తగ్గినా, వైద్యుడు పొట్ట మీద చేయి వేసి చూసినప్పుడు వాచిన కాలేయం తగ్గినట్లు తోచినా అది ప్రతిస్పందనే. చెంగ్, సాల్ట్జ్ లెక్కలోకి తీసుకున్నది సి.టి. స్కాన్‌లో కొలవగలిగిన కుదింపు. మొదటి విభాగాలలో చెప్పిన ద్వంద్వస్వభావం ఇక్కడ లెక్కలోకి చొరబడింది. హార్మోను తగ్గిన రోగికి బాధ తగ్గడం నిజం. కణితి తగ్గిందనడం నిజం కాకపోవచ్చు.

ఇందులో ఒక చారిత్రక వైచిత్రి ఉన్నది. చేతి కొలత ఎంత నమ్మదగినదో పరీక్షించినవారిలో మోర్టెల్ అగ్రగామి. 1976లో ఆయన హాన్లీతో కలిసి 12 గట్టి గోళాలను మెత్త మీద పేర్చి, పైన నురుగురబ్బరు పరచి, అనుభవజ్ఞులైన 16 మంది క్యాన్సర్ వైద్యుల చేత వాటిని తడిమించి కొలిపించాడు. ఒకే గోళాన్ని ఒకే వైద్యుడు రెండుసార్లు కొలిచినా అంకెలు తేడాగా వచ్చాయి. కొలతలో దొర్లే ఈ పొరపాటే చికిత్సకు ఫలితంగా నమోదయ్యే ప్రమాదం ఉన్నదని, అందుకే కనీసం సగం తగ్గితే తప్ప లెక్కలోకి తీసుకోరాదని ఆయన తేల్చాడు. తన పరిమితి తెలిసిన మనిషి అప్పటికి చేతిలో ఉన్న కొలబద్దనే వాడాడు. స్కాన్ యంత్రాలు సర్వత్రా లేని కాలంలో అంతకు మించి చేయగలిగినదేమిటి? విమర్శ ఆయన మీద కాక, ఆయన అంకెలను స్కాన్‌ల కాలంలోకి యథాతథంగా మోసుకువచ్చిన తరువాతి తరం మీద ఉండాలి.

2004లో ఎం.డి. ఆండర్సన్ కేంద్రం వైద్యులు ఫ్లోరోయురాసిల్, డాక్సోరూబిసిన్, స్ట్రెప్టోజోసిన్ మూడూ కలిపి తీసుకున్న 84 మంది వివరాలను వెనుదిరిగి పరిశీలించి 39 శాతం ప్రతిస్పందన చూపారు. నిజం 6కూ 69కీ మధ్య ఎక్కడో ఉన్నదన్న భావన స్థిరపడింది. పోల్చి చూసే వర్గం ఇందులోనూ లేదు.

వేగంగా పెరిగే కణితుల కథ వేరు. 1991లో మోర్టెల్ బృందమే సిస్‌ప్లాటిన్, ఎటోపోసైడ్ యోగాన్ని 45 మందికి ఇచ్చి చూసింది. కణరూపం చెదిరిన 18 మందిలో 67 శాతం ప్రతిస్పందించగా, కణరూపం నిలిచి ఉన్న 27 మందిలో 7 శాతమే ప్రతిస్పందించారు. ఒకే పేరు కింద రెండు వ్యాధులున్నాయని ఈ అంకెలు చాటాయి. వాటిని కలిపి సగటు తీసి ఉంటే ఆ మందు మధ్యరకం మందుగా మిగిలిపోయేది.

7. గీతకు ఆవల:

1986లో మేయో క్లినిక్‌కే చెందిన క్వోల్స్ బృందం సొమాటోస్టాటిన్‌ను పోలిన ఆక్ట్రియోటైడ్ మందును 25 మందికి ఇవ్వగా 22 మందికి ముఖం ఎర్రబడడం, విరేచనాలు బాగా తగ్గాయి. అప్పటి నుండి ఆక్ట్రియోటైడ్ ఈ కణితులకు దాదాపు నిత్యౌషధమయింది. కొత్త మందు ఏది వచ్చినా దీనితో కలిపి పరీక్షించడం ఆనవాయితీ అయింది. 2011లో వెలువడిన రేడియంట్–2 పరీక్ష అటువంటిదే. 429 మందిలో ఒక వర్గానికి ఆక్ట్రియోటైడ్‌తో ఎవరోలిమస్, మరొక వర్గానికి ఆక్ట్రియోటైడ్‌తో ఉత్తుత్తి మాత్ర. వ్యాధి ముదరకుండా నిలిచిన కాలం 16.4 నెలలు, 11.3 నెలలు. ముందుగా గీసుకున్న సంభావ్యతా గీత 0.0246. వచ్చిన విలువ 0.026. వెంట్రుకవాసిలో పరీక్ష విఫలమయింది. అదే సంవత్సరం క్లోమ కణితులపై 410 మందితో జరిగిన రేడియంట్–3లో ఎవరోలిమస్ 4.6 నెలలకు ప్రతిగా 11 నెలలు చూపి ఆమోదం పొందింది.

ఆ పైన ఎవరోలిమస్‌కు జత వెతికే ప్రయత్నాలు వరుసగా సాగాయి. పాసిరియోటైడ్‌ను జతచేసిన పరీక్షలో 160 మంది పాల్గొన్నారు. జంటకు 16.8 నెలలు, ఒంటికి 16.6 నెలలు. అయిదారు రోజుల తేడా. ఈ పరీక్ష విఫలమయిందని చెప్పడం అలవాటు. నిజానికి రెండవ మందు ఏమీ చేయలేదన్న సంగతిని అది స్పష్టంగా తేల్చింది. రోగుల పక్షాన అది చిన్న మేలు కాదు.

8. మళ్లీ అదే ప్రశ్న:

టెమోజోలొమైడ్ బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ విశ్వవిద్యాలయంలో మాల్కమ్ స్టీవెన్స్ బృందం తయారుచేసిన మందు. మెదడు కణితుల కోసం వాడుకలోకి వచ్చింది. మింగే మాత్ర కనుక స్ట్రెప్టోజోసిన్ సూది, ఆసుపత్రి మంచం అవసరం లేదు. రసాయన చర్య మాత్రం రెండింటిదీ ఒకటే. రెండూ డి.ఎన్.ఏ.లోని గ్వానిన్‌కు మిథైల్ సమూహాన్ని తగిలిస్తాయి. ఆ నష్టాన్ని సరిచేసే ‘ఎం.జి.ఎం.టి.’ అనే ప్రోటీన్ తక్కువగా ఉన్న కణితి వీటికి సులభంగా లొంగుతుంది. దీనికి జతగా ఎంపికైన కేపసైటబిన్ కూడా మాత్రే. శరీరంలోకి వెళ్లిన తరువాత అది ఫ్లోరోయురాసిల్‌గా మారుతుంది. అంటే 1980 నాటి జంట కొత్త వేషంలో తిరిగి వచ్చిందన్నమాట.

ఈ జంటలో వరుసకు కూడా ప్రాముఖ్యం ఇచ్చారు. కేపసైటబిన్ 14 రోజులు, దానిలో చివరి 5 రోజులు మాత్రమే టెమోజోలొమైడ్. ముందు ఇచ్చిన మందు కణితిని బలహీనపరిచి తరువాతి మందుకు దారి సుగమం చేస్తుందని ఊహ. ఆయుర్వేద పరిభాషలో చెప్పాలంటే రెండవది సహౌషధమా, లేక తేనె, నెయ్యి వలె ప్రధాన ఔషధాన్ని చేరవేసే అనుపానమా అన్న సందేహం ఇక్కడ కలుగుతుంది.

2011లో ఫ్లోరిడాలోని మాఫిట్ కేంద్రం నుండి స్ట్రోస్‌బర్గ్ బృందం క్లోమ కణితి ఉన్న 30 మంది వివరాలు ప్రకటించింది. ప్రతిస్పందన 70 శాతం. 1992 నాటి 69ని గుర్తుచేసే అంకె ఇది. ఈసారి కొలిచినది స్కాన్. అయినా 30 మంది ఒక్క కేంద్రం వారు, గడిచిన రికార్డుల నుండి తీసినవారు. పోల్చే వర్గం లేదు. ఈ యోగం వైద్యుల ఆచరణలోకి శరవేగంగా వ్యాపించింది. ఇంత మంచి అంకె కళ్ల ముందు ఉండగా, రోగులలో సగం మందికి ఒంటి మందు ఇచ్చి పరీక్షించడం అవసరమా అన్న ప్రశ్న సహజం. అవసరమేనని ఈకాగ్–ఆక్రిన్ బృందం నిర్ణయించింది. మోర్టెల్ తొలి పరీక్షను నడిపిన ఈస్టర్న్ కోఆపరేటివ్ బృందానికి ఇది వారసురాలు.

ఇ2211 అనే ఆ పరీక్షలో 2013 ఏప్రిల్ నుండి 2016 మార్చి వరకు 144 మంది చేరారు. దేశవ్యాప్త యంత్రాంగం ఉండి కూడా అంతమందిని చేర్చడానికి మూడేళ్లు పట్టింది. సగం మందికి టెమోజోలొమైడ్, సగం మందికి కేపసైటబిన్‌తో కలిపి టెమోజోలొమైడ్. 2018 జూన్‌లో, ఇర్ఫాన్ ఖాన్ ప్రకటన వెలువడిన మూడు నెలలకు, తొలి ఫలితాలు షికాగోలో ప్రకటితమయ్యాయి. వ్యాధి ముదరకుండా నిలిచిన కాలం ఒంటి మందుకు 14.4 నెలలు, జంటకు 22.7 నెలలు. తేడా నిలబడింది. 2023లో వెలువడిన తుది నివేదికలో మధ్యస్థ జీవితకాలం 53.8 నెలలు, 58.7 నెలలు. ఈ తేడా నిలబడలేదు. ప్రతిస్పందన 34 శాతం, 40 శాతం. ఇదీ నిలబడలేదు. తీవ్రమైన దుష్ప్రభావాలు మాత్రం జంట తీసుకున్నవారిలో దాదాపు రెట్టింపు.

1980ని, 2018ని పక్కపక్కన పెట్టి చూస్తే పోలిక ఆశ్చర్యం కలిగిస్తుంది. ఒకే తరహా మొదటి మందు, ఒకే రెండవ మందు, ఒకే రూపంలోని పరీక్ష. రెండుసార్లూ రెండవ మందు వ్యాధి మీద గెలిచిందని తేలింది. రెండుసార్లూ అది ఆయుష్షును పెంచిందని రుజువు కాలేదు. 30 మందిలో కనిపించిన 70 శాతం, పోల్చే వర్గం పక్కన నిలబడగానే 40కి దిగివచ్చింది. అదనంగా దొరికిన ఎనిమిది నెలలు వ్యాధి కదలకుండా గడిచే నెలలు. వాటి విలువ రోగికి తెలుసు, అందుకు చెల్లించిన మూల్యమూ రోగికే తెలుసు. 144 మంది ఒప్పుకోకపోయి ఉంటే ఈ లెక్క నేటికీ 30 మంది మీదనే నడుస్తుండేది.

9. డార్ట్:

2017 జనవరిలో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ నిధులతో, స్వాగ్ బృందం నిర్వహణలో, డార్ట్ అనే పరీక్ష మొదలయింది. రోగనిరోధక శక్తికి అడ్డుపడే రెండు కళ్లేలను తొలగించే ఇపిలిముమాబ్, నివోలుమాబ్ మందులను కలిపి యాభైకి పైగా అరుదైన క్యాన్సర్ వర్గాలకు ఇవ్వడం దీని పద్ధతి. ఒక్కో అరుదైన వ్యాధికి ఒక్కో పరీక్ష పెట్టడం సాధ్యం కాదు కనుక, అన్నింటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చి, ఏ వర్గంలో మెరుపు కనిపిస్తే దానిని విస్తరించాలన్నది ఆలోచన. రోగుల కొరతకు ఇంతకన్నా తెలివైన పరిష్కారం అప్పటిదాకా రాలేదు.

క్లోమేతర న్యూరోఎండోక్రైన్ కణితుల వర్గంలో 32 మంది చేరారు. 2020లో ప్రకటించిన ఫలితాల ప్రకారం మొత్తం మీద 25 శాతం ప్రతిస్పందన. విడదీసి చూస్తే వేగంగా పెరిగే కణితులున్న 18 మందిలో 44 శాతం, తక్కిన వారిలో సున్న. 1991 నాటి 67, 7ల విభజనే మరొకసారి కనిపించింది. మెరుపు కనిపించిన చోట, ముందుగా అనుకున్నట్లుగానే, వేగంగా పెరిగే కణితుల కోసం ప్రత్యేక వర్గం తెరిచారు. 19 మందితో 2021లో వచ్చిన ఫలితం 26 శాతం. 18 మందిలో 44, 19 మందిలో 26. మొదటి దానిలో ప్రతిస్పందించినవారు ఎనిమిది మంది, రెండవ దానిలో అయిదుగురు. ముగ్గురు మనుషుల తేడా శాతాలలోకి మారేసరికి పద్దెనిమిది పాయింట్ల తేడాగా కనిపిస్తుంది. ఈ రెండు వర్గాలలోనూ చేరిన ప్రతి ఒక్కరికీ రెండు మందులూ ఇచ్చారు. నివోలుమాబ్ ఒక్కటే తీసుకున్నవారు అందులో లేరు.